శని ఆదివారాల అమ్మమ్మ

జూన్ 3, సోమవారం

కిర్‌స్టెన్‌ని ఇంటికి పంపరట. కాన్పు అయ్యేదాకా డి మోయిన్ ఆసుపత్రిలో మంచం మీదే ఉండాలట. బిడ్డ నిలబడాలంటే కోడలు కాలు కింద పెట్టకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. మా క్రెయిగ్ ఈ మాటలు నా వంటింట్లో నిలబడి చెబుతూ చేతిలో టోపీని నలిపి నలిపి ముద్ద చేశాడు. వాడి చిన్నప్పటి అలవాటు.

పిల్లల పంపకం జరిగింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇక్కడ మార్షల్‌టౌన్‌లో నా దగ్గర. శని, ఆదివారాలు వియ్యపురాలి దగ్గర. శనివారం పొద్దున్నే లవోన్ ఏమ్స్ నుంచి తన పసుపు వ్యాన్ వేసుకుని వచ్చి తీసుకెళ్తుంది, ఆదివారం సాయంత్రం దింపుతుంది.

"నీకూ విశ్రాంతి కావాలి కదా ఆర్డిస్," అంది ఫోనులో.

విశ్రాంతి కావాలని నేనేమైనా అడిగానా? సరే. నాకు ఐదు రోజులు, ఆవిడకి రెండే. న్యాయంగా చూస్తే నాకే ఎక్కువ.

జూన్ 9, ఆదివారం

బూన్‌లో పాతకాలపు రైలెక్కించిందట. ఇద్దరి నెత్తి మీదా చారల టోపీలు. ఓటోకి ఐదేళ్లు, గడప దాటకముందే మొదలుపెట్టాడు.

"నాన్నమ్మా! రైలు వంతెన మీద పోయింది! కింద చెట్లన్నీ ఇంతింతే, గోబీ పువ్వుల్లాగా!"

"అమ్మమ్మ భయపడిందా?"

"అమ్మమ్మా? చెయ్యి బయటపెట్టి చెట్లకి టాటా చెప్పింది!"

నూడుల్సూ కోడిమాంసం ఓవెన్‌లో వేడిగా పెట్టి ఉంచాను. ముట్టలేదు. దారిలో ఐస్‌క్రీమ్ తిన్నారట. నేను ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. బాగానే కుదిరింది.

నాకు కుళ్లేమీ లేదు. అలా కిటికీలోంచి చేతులు బయట పెట్టడం మంచిది కాదని మాత్రమే.

జూన్ 10

టోపీ పెట్టుకునే పడుకున్నాడు. పెట్టుకునే పళ్లు తోముకున్నాడు.

జూన్ 16, ఆదివారం

జంతుప్రదర్శనశాల. జిరాఫీకి చేత్తో ఆకులు తినిపించారట. దాని నాలుక నల్లగా ఉంటుందట. ఈ సంగతి నాకు అన్నం దగ్గర, స్నానాల దగ్గర, ప్రార్థన దగ్గర చెప్పారు.

దింపడానికి వచ్చినప్పుడు లవోన్ గుమ్మంలోనే నిలబడింది. ఎర్ర జోళ్లు, నెత్తి మీద నల్ల కళ్లద్దాలు. డెబ్బై దాటిన మనిషి.

"రేపు వీళ్లతో ఏం చేయిస్తున్నావు?"

"పొద్దున ఈత క్లాసు. తర్వాత బఠాణీలు ఒలుస్తారు."

"అబ్బ, బఠాణీలే!" అని నవ్వింది.

మళ్లీ ఒకసారి లోపలికి, బల్ల మీది బఠాణీల గిన్నె కేసి చూసి, "బఠాణీలు," అనుకుంటూ వెళ్లిపోయింది. ఎవరినైనా ఎత్తిపొడవాలంటే లవోన్ దగ్గర నేర్చుకోవాలి.

జూన్ 19, బుధవారం

ఇవాళ నేనూ తీసుకెళ్లాను. పెల్లాలో గాలిమర. మా ఆయన లెరోయ్ బతికున్నప్పుడు ఏటా ట్యూలిప్ పూల పండగకి వెళ్లేవాళ్లం. ఈ రాష్ట్రంలో వ్యాన్ ఉన్నవాళ్లకే దారులు తెలుసనా?

గాలిమర పైదాకా ఎక్కాం. నా మోకాలు నాకు వినపడింది. డచ్చి వాళ్ల ఎస్ ఆకారం రొట్టెలు కొనిపెట్టాను, లోపల బాదం ముద్ద ఉండేవి. ఓటో ఆ ముద్దంతా వేలితో తవ్వి తినేసి, రొట్టె నా చేతిలో పెట్టి అడిగాడు:

"ఇది ఎక్కడికి పోతుంది నాన్నమ్మా?"

"ఏది?"

"ఈ గాలిమర."

"ఎక్కడికీ పోదురా. ఇక్కడే తిరుగుతుంది."

"ఓ," అన్నాడు.

తిరిగి వచ్చాక హేజెల్ నా దగ్గరికొచ్చి, "చాలా బాగుంది నాన్నమ్మా, థాంక్యూ," అంది. తొమ్మిదేళ్ల పిల్ల, చర్చిలో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు. జిరాఫీ గురించి చెప్పినప్పుడు థాంక్యూ లేదు, ఊపిరి లేదు, ఒకరి మాట మీద ఒకరు పడిపోయారు.

మర్యాద ఎవరికి కావాలి?

జూన్ 23, ఆదివారం

మళ్లీ రైలు.

"మొన్ననే ఎక్కారు కదా?"

"అమ్మమ్మకి అది ఇష్టం," అంది హేజెల్, బూటు ముడి విప్పుతూ.

"మళ్లీ టోపీలు కొంది!" అన్నాడు ఓటో. "ఇప్పుడు నాకు రెండు!"

ఉన్న టోపీ నెత్తి మీద ఉండగానే ఇంకొకటి. చూపించుకోవడానికి కాకపోతే ఎందుకు?

జూన్ 27, గురువారం

కిర్‌స్టెన్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. గొంతు బాగుంది.

"అత్తయ్యా, మా అమ్మ పిల్లలకి ఈ వేసవిని ఎంత బాగా గుర్తుండేలా చేస్తోందో చూశారా? నేనిక్కడ పడి ఉన్నందుకు వాళ్లకి ఏ లోటూ తెలియడం లేదు."

"అవునమ్మా."

"మీకు కూడా థాంక్స్ అత్తయ్యా. బట్టలవీ ఉతుకుతున్నందుకు."

బట్టలవీ.

పెరుగుతున్న పిల్లల గోళ్లు ఎవరు తీస్తున్నారు? ఓటోకి పీడకల వస్తే ఎవరి పక్కలోకి వస్తున్నాడు? హేజెల్‌కి భాగహారం ఎవరు నేర్పారు? ఇవన్నీ "అవీ" కింద వస్తాయనుకుంటాను. మనసు కష్టపెట్టకూడదన్నారు కాబట్టి ఏమీ అనలేదు.

జూన్ 30, ఆదివారం

డుబ్యూక్. అంటే రాష్ట్రానికి ఆ చివర. మిసిసిపీ నది మ్యూజియంలో ముళ్లచేపని నిమిరారట, కొండ మీదికి తాడు కట్టి లాగే పెట్టెలో ఎక్కారట, పై నుంచి మూడు రాష్ట్రాలు కనిపించాయట. అన్నం వేళకి రావాల్సినవాళ్లు పొద్దు పూర్తిగా పోయాక వచ్చారు. క్రెయిగ్ నా వాకిట్లో పచార్లు చేస్తున్నాడు.

"అందమైన దారిలో వచ్చాం," అంది లవోన్, అదేదో ఘనకార్యమైనట్టు.

ఇంతవరకూ ఎప్పుడూ ఆవిడ మీద కోప్పడని క్రెయిగ్, "ఒక ఫోన్ చేయొచ్చు కదండీ," అన్నాడు. నాకు లోపల చల్లగా అనిపించింది. రాసుకుంటే తప్పేముంది, ఇది నా డైరీ.

జూలై 2

ఈత కొలనుకి వెళ్తుంటే వెనక సీట్లోంచి హేజెల్: "నాన్నమ్మా, సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగాలి. ఇప్పుడు కాదు, సిగ్నల్ దగ్గర."

"నలభై ఏళ్లుగా ఉంటున్నానే ఈ ఊళ్లో!"

ముఖం ఎర్రగా చేసుకుంది. "సారీ. అలవాటైపోయింది."

అవునులే, వ్యాన్‌లో తిరిగి తిరిగి దారులన్నీ వచ్చేశాయి. నాకు కూడా నేర్పిస్తున్నారు ఇప్పుడు.

జూలై 4, గురువారం

స్వాతంత్ర్య దినం ఊరేగింపు. మా ఇంటి ముందు వీధిలోనే కుర్చీలు వేశాం. లవోన్ కూడా వచ్చింది. సెలవు కదా, శనివారం కాదు కదా, నా రోజు కదా. అయినా వచ్చింది.

ట్రాక్టర్ల మీద నుంచి మిఠాయిలు విసురుతుంటే ఆవిడ కుర్చీలోంచి లేచి పిల్లలకన్నా ముందు పరిగెత్తింది. వీధంతా చప్పట్లు. నేను కుర్చీల దగ్గర సంచులు చూసుకుంటూ కూర్చున్నాను.

"కిర్‌స్టెన్! ఇటు రా, ఇక్కడ పడ్డాయి!" అని అరిచింది హేజెల్‌ని. కూతురి పేరు. హేజెల్ మారు మాట్లాడకుండా వెళ్లింది. పోనీలే, నేనూ క్రెయిగ్‌ని పిలవబోయి కుక్క పేరు పిలుస్తాను.

కానీ ఇంకొకటి. నన్ను అడిగింది, "కాన్పు ఎప్పుడన్నారు?" అని. ఆగస్టు మధ్యలో అన్నాను. కాసేపటికి మళ్లీ అడిగింది. చెప్పాను. బాండు మేళం వెళ్లాక మూడోసారి అడిగింది. సొంత కూతురి కాన్పు! నేను చెప్పే మాట చెవిలో వేసుకుంటే కదా. నేను ఆవిడ కళ్లకి ఆనను. పన్నెండేళ్ల వియ్యంలో ఆవిడ నన్ను 'నువ్వు' అంటుంది, నేను 'మీరు' అనే అంటాను. ఇక ముందూ అలాగే అంటాను.

జూలై 12, శుక్రవారం

హేజెల్‌కి కడుపునొప్పి. పోయిన శుక్రవారం కూడా వచ్చింది. పక్కన పడుకోబెట్టుకుని పొట్ట రాశాను. పిల్ల నా చేతిని అక్కడే పట్టుకుని నెమ్మదిగా అంది:

"నాన్నమ్మా, రేపు నేను నీ దగ్గరే ఉండిపోనా?"

రెండోసారి అడిగించుకున్నాను. సరిగ్గా వినిపించనట్టు.

"నీ దగ్గరే ఉంటాను. ఎక్కడికీ వెళ్లొద్దు. బఠాణీలు ఒలుద్దాం."

బఠాణీలు ఒలుద్దాం అంది! వంటింట్లోకెళ్లి సింకు దగ్గర నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రైళ్లూ జిరాఫీలూ ఎన్నాళ్లు? చివరికి పిల్లకి తెలిసింది ఇల్లంటే ఏమిటో.

జూలై 13, శనివారం

రాయాలని లేదు.

లవోన్ రాగానే చెప్పాను, హేజెల్‌కి ఒంట్లో బాగాలేదు, ఓటోని ఒక్కడినే తీసుకెళ్లండి అని. చాలా తియ్యగా చెప్పాను. ఆవిడ సరేనని ఓటో చెయ్యి పట్టుకుంది. అంతే, హేజెల్ మేడ మీంచి దూసుకొచ్చింది, కాళ్లకి జోళ్లు కూడా లేకుండా.

"ఓటో ఒక్కడూ వెళ్లకూడదు! నేనూ వస్తాను!"

"నీకు నొప్పి కదే?"

"తగ్గిపోయింది!"

ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. నా వైపు చూడనే లేదు. నేను వాకిట్లో పిల్ల జోళ్లు పట్టుకుని నిలబడిపోయాను.

తమ్ముడికి సరదా దక్కుతుందని ఓర్వలేకపోయింది. అంతే అయ్యుంటుంది. ఆ ఓర్వలేనితనం ఎవరి నుంచి వచ్చిందో.

జూలై 17

గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుక్కుంటోంది. వేపాకు లాంటి చేదు మందు రాశాను. అయినా కొరుకుతోంది. క్రెయిగ్‌తో అంటే, "అమ్మ మీద బెంగమ్మా," అన్నాడు. కావచ్చు.

జూలై 21, ఆదివారం

కూర్చుని మొత్తం రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చి చెప్పుకుంటాను.

చర్చి నుంచి వచ్చి మొక్కజొన్న ఉడకపెడుతుంటే ఫోన్. లవోన్ నంబరు, హేజెల్ గొంతు.

"నాన్నమ్మా, నువ్వు రాగలవా? మేము మకోకెటా గుహల దగ్గరున్నాం."

"ఏమైంది? దెబ్బలా? ఓటో ఏడీ?"

"ఓటో బాగానే ఉన్నాడు. అమ్మమ్మ... అమ్మమ్మ వ్యాన్ దిగడం లేదు. మెర్ల్ తాతయ్య వస్తాడట. వచ్చాకే వెళ్దాం అంటోంది."

మెర్ల్ పోయి ఏడేళ్లయింది. సమాధి దగ్గర నేనే లవోన్ భుజం పట్టుకున్నాను.

స్టవ్ ఆపాను. ఆపానో లేదో దారిలో గుర్తులేదు. తూర్పుగా రెండు గంటలకి పైగా ప్రయాణం, లెరోయ్ పోయాక అంత దూరం నేను నడిపిందే లేదు. ఆ దారంతా ఏమాలోచించానో కూడా రాయాలి. "పిల్లలు బాగుంటే చాలు" అనుకున్నాను. దానితోపాటే, దాని వెనకే, "ఇక శని ఆదివారాలు కూడా నావే" అనుకున్నాను. రెండూ అనుకున్నాను.

వెళ్లేసరికి లవోన్ వ్యాన్ దిగి చెట్ల కింద బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎండ మండుతున్నా, ఆవిడ భుజాల మీద హేజెల్ స్వెటర్. ఓటో బిస్కెట్లు తింటూ చీమలకి పెడుతున్నాడు. హేజెల్ ఆవిడని ఆనుకుని కూర్చుంది, ఒక చేత్తో ఆవిడ చేతిని పట్టుకుని. రెండో చెయ్యి పిడికిలి.

"ఏముందే ఆ చేతిలో?"

విప్పింది. వ్యాన్ తాళాలు. అరచేతిలో అచ్చు పడిపోయాయి.

"నేనే తీసి దాచాను. తాతయ్యని వెతకడానికి వెళ్దామంది." అప్పుడు ఏడ్చింది. అంతసేపూ ఏడవలేదట. "దారి మర్చిపోతుంది నాన్నమ్మా. మొదటిసారి బూన్ నుంచి వచ్చేటప్పుడే మర్చిపోయింది. అందుకే ముందు సీట్లో కూర్చుని నేను చెబుతున్నాను. డుబ్యూక్ నుంచి వచ్చేటప్పుడు నాకు కూడా తెలియలేదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మమ్మ వద్దంది. అమ్మకి తెలిస్తే కష్టపెట్టుకుంటుంది, కడుపులో బిడ్డ పోతుంది అంది."

అంతా నా కళ్ల ముందే జరిగింది. రెండో టోపీ, మూడుసార్లు అడిగిన కాన్పు, కడుపునొప్పి. అన్నీ చూశాను, అన్నిట్లోనూ నన్నే చూసుకున్నాను.

లవోన్ తల ఎత్తింది. ఆ నిమిషానికి చూపు తేటగా ఉంది.

"వచ్చావా ఆర్డిస్," అంది. "చెప్పేస్తావు కదూ?"

"చెప్పాలి."

"చెప్పాలిలే." స్వెటర్ చేతులు సర్దుకుంది. "ఈ గుహలు చూపించాలనుకున్నాను వీళ్లకి. లోపల చల్లగా ఉంటుంది."

వ్యాన్ అక్కడే వదిలేసి నా కార్లో తిరిగొస్తుంటే హేజెల్ నా పక్కన ముందు సీట్లో కూర్చోలేదు. వెనక, ఆవిడ పక్కన కూర్చుంది. ఆ ఒక్క సంగతి ఇంత జరిగాక కూడా నాకు గుచ్చుకుంది.

జూలై 22

క్రెయిగ్‌కి చెప్పాను. వాడు బల్ల మీద తల పెట్టుకున్నాడు. తాళాలు తీసేసుకున్నారు. డాక్టర్ దగ్గరికి ఏమ్స్‌లో లవోన్ చెల్లెలు తీసుకెళ్తుంది. కిర్‌స్టెన్‌కి, అమ్మకి కళ్లు సరిగా కనపడటం లేదు, బండి నడపడం మానేసింది, అని మాత్రం చెప్పారు. మిగతాది కాన్పయ్యాక.

జూలై 27, శనివారం

నా మొదటి శనివారం.

పాన్‌కేకులు వేశాను. తిన్నారు. ఓటో రెండు టోపీలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. ఎందుకురా అంటే, "పసుపు బండి వస్తుందేమో," అన్నాడు. హేజెల్ గోళ్లు కొరకడం మానేసింది. మాటలు కూడా మానేసింది. సరదా పాడు చేసింది నేనని అనుకోవడం లేదు, తనేననుకుంటోంది. తనే ఫోన్ చేసింది కదా.

కోరుకున్నదంతా నా వంటింట్లోనే ఉంది. దీన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

జూలై 28, ఆదివారం

లవోన్‌కి ఫోన్ చేశాను.

"ఈ శనివారం ఎక్కడికి వెళ్దాం?"

 

"నా తాళాలు తీసేసుకున్నారు కదా ఆర్డిస్. ఎగతాళికా?"

"నా తాళాలు నా దగ్గరున్నాయి. ఎక్కడికి వెళ్లాలో నువ్వు చెప్పు."



"ఓకోబోజీ," అంది. "అక్కడ పాత చెక్క రోలర్ కోస్టర్ ఉంది. నీ డొక్కు బ్యూక్ కారు అంత దూరం వస్తుందా?"

ఈ పొగరు నేను చాలా మిస్సయ్యానని చెబితే ఎవరూ నమ్మరు.

ఆగస్టు 3, శనివారం

వచ్చింది. బ్యూక్ సంగతి.

పిల్లలూ ఆవిడా ఆ చెక్క బండిలో అరుచుకుంటూ పైకీ కిందికీ. నేను కింద మూడు జతల చెప్పులు, మూడు సంచులు, ఒక కరిగిపోతున్న ఐస్. దిగాక ఇద్దరూ ఆవిడ నడుముని చుట్టేసుకున్నారు. పెట్రోలు నాది, మోకాలు నాది, నడుము ఆవిడది.

హేజెల్ మాట్లాడింది. వచ్చేటప్పుడు దారంతా మాట్లాడింది. వెనక సీట్లో కూర్చుని, ఒక్కసారి కూడా దారి చెప్పకుండా.

ఆగస్టు 12, సోమవారం

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఏడుపు కారిడార్ చివరిదాకా వినపడింది.

పేరు ఇంగ్రిడ్ లవోన్. మంచి పేరు. ఆర్డిస్ అనేది మరీ పాతబడ్డ పేరని నాకూ తెలుసు.

ఆగస్టు 13

కిర్‌స్టెన్‌కి ఇవాళ అంతా చెప్పారు. బిడ్డని గుండెలకి పట్టుకుని చాలాసేపు ఏడ్చి, నన్ను దగ్గరికి పిలిచి చేతులు పట్టుకుంది. నేనే అన్నాను, "బట్టలవీ నేను చూసుకుంటాలే," అని.

ఆగస్టు 25, ఆదివారం

రేపటి నుంచి ఓటో కూడా బడికి. ఆఖరి ఆదివారం ఎక్కడికి అని అడిగితే పిల్లలిద్దరూ ఒకే మాట, బూన్ రైలు. నేను ఇంతవరకూ ఎక్కలేదు మరి.

ఉదయం నుంచి లవోన్ కొంచెం అటూ ఇటూగా ఉంది. డాక్టర్ చెప్పినట్టే, ఒక పూట వెలుగు, ఒక పూట మబ్బు. రైల్లో పిల్లలు కిటికీ పక్కన, వాళ్లకెదురుగా ఆవిడా నేనూ. కండక్టరు టిక్కెట్లు చూసి వెళ్లాక ఆవిడ నా వైపు తిరిగి, ప్రయాణంలో కొత్తవాళ్లని పలకరించినట్టు మర్యాదగా నవ్వింది.

"వీళ్లు నా మనవలు. మీకున్నారా?"

హేజెల్ గభాలున తల తిప్పింది. చెప్పబోయింది. వద్దని కళ్లతోనే అన్నాను.

"ఉన్నారండీ," అన్నాను. "ముగ్గురు."

"మంచివాళ్లేనా?"

"బంగారాలు."

"మరి తీసుకురాలేదే? ఎక్కడున్నారు?"

ఎదురుగా ఓటో కిటికీ అంచుకి గడ్డం ఆనించి ఉన్నాడు. హేజెల్ నన్నే చూస్తోంది.

"ఇవాళ వాళ్ల అమ్మమ్మతో ఉన్నారండీ," అన్నాను.

లవోన్ నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఆ నొప్పి మోకాలి మీదే. "కష్టమే," అంది. "నాకు తెలుసు. వీళ్లకీ ఇంకొక ఆవిడ ఉంది, నాన్నమ్మ. వారమంతా ఆవిడ దగ్గరే. అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకుంటారు, లెక్కలూ, ఈతలూ, బఠాణీలు ఒలవడం. నాకేమో ఒక్కచోట కూర్చుని పిల్లల్ని పెంచడం ఎప్పుడూ చేతకాలేదు. అందుకే బండెక్కించి ఊళ్లు తిప్పుతుంటాను. ఎంత తిప్పితే ఏం లాభం? ఆదివారం సాయంత్రం ఆవిడ వాకిట్లో దింపుతానా, లోపలికి ఒకటే పరుగు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడరు."

"చూడరా?"

"ఉహూ. తలుపు తీసి ఉంటుంది, లోపల్నుంచి వంట వాసన. నేను అక్కడే బండిలో కాసేపు కూర్చుని వెళ్లిపోతాను."

నేను ఎప్పుడూ గుమ్మం లోపలే నిలబడ్డాను. అక్కడినుంచి పిల్లల ముఖాలే కనిపించేవి, బండి కనిపించేది కాదు.

"ఒక్కసారి కూడా వెనక్కి చూడరా?" అని మళ్లీ అడిగాను.

"ఒక్కసారి కూడా," అంది లవోన్.

మూడోసారి కూడా అడిగేదాన్నే. ఇంతలో వంతెన వచ్చింది, ఓటో అరిచాడు, లవోన్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. ఆవిడ పడిపోకుండా నేను నడుం పట్టుకున్నాను.